రెండు మూడు ఆడగుర్రాలున్నవారినీ పెంపకందార్లుగా గుర్తించండి

పశుసంవర్ధక శాఖ సంచాలకులు గారికి,

మంద ఎంత పెద్దదన్న లెక్కతో పెంపకందారును కొలవకండి. రెండు మూడు ఆడగుర్రాలతో ఒక జాతిని నిలబెడుతున్నవారికీ నమోదు పత్రం ఇవ్వండి.

వారి పనితనం ఈనే వేళ తెలుస్తుంది. చూడి సుమారు 340 రోజులు, ఈతలు ఎక్కువగా రాత్రిపూటే. తెల్లటి పొరకు బదులు మఖమల్‌లాంటి ఎర్ర సంచి ముందు కనబడిందంటే మాయ, అంటే కడుపులో పిల్లకు ఊపిరి అందించే పొర, వేళకు ముందే ఊడినట్టే. పిల్లకు ఊపిరి అందదు. డాక్టరు కోసం ఆగకుండా ఆ సంచిని చీల్చి పిల్లను బయటికి తీయాలి. అంతా సవ్యంగా ఉంటే పిల్ల గంటలో నిలబడుతుంది, రెండు గంటల్లో పొదుగు పట్టుకుంటుంది, మూడు గంటల్లో మాయ పడుతుంది. పడకపోతే గర్భసంచి చెడి, ఆ విషం డెక్కలదాకా పాకి తల్లిని కుంటిదాన్ని చేయవచ్చు. ముర్రుపాలు తొలి ఆరేడు గంటల్లోనే తాగించాలి. 24 గంటలు దాటితే పేగు అందులోని రక్షణను ఇక పీల్చుకోదు.

జీతగాళ్లెవరూ లేకుండా ఇదంతా వారే చూసుకుంటారు!

నమోదు కోసం చేసే వంశ నిర్ధారణ డీఎన్‌ఏ పరీక్షకు జూలు నుంచి కుదుళ్లతో పీకిన 20–30 వెంట్రుకలు చాలు. కత్తిరించినవి పనికిరావు. ఆ పరీక్ష రుసుము గుర్రానికి ఇంతని పెట్టండి, మందలో కనీసం ఇన్ని గుర్రాలుండాలన్న నిబంధన తీసేయండి, రాత్రి పిలిస్తే పలికే పశువైద్యుణ్ణి కేటాయించండి.

ఇట్లు,
చిన్న పెంపకందార్లు