రేపటి నడకకి ముందు ఒక మాట

అన్నలూ, అక్కలూ, రేపు ఆదివారం ఎప్పటిలాగే ఐదున్నరకి రంగనాయకుల గుడి దగ్గర కలుద్దాం. చిన్న మార్పు: నడిచినంతసేపూ ఫోన్లు జేబులోనే, ధ్యాస నడక మీదే.

ఎందుకంటే, పోయిన వారం నడక అయ్యాక కారం దోసె తిన్నాం గదా. ప్లేటు ఖాళీ అయ్యాక చూసుకుంటే నాకు రుచే గుర్తు లేదు! తిన్నంతసేపూ కరెంటు బిల్లు టెన్షనే. నిన్న ఒక్కడినే వెళ్లి మళ్లీ తిన్నా. పెనం మీద ఎర్రకారం పూస్తుంటే లేచే ఆ ఘాటు, అంచు విరిస్తే కరకర, మధ్యలో మెత్తన, నాలుక మండుతుంటే చల్లగా తగిలే కొబ్బరి చట్నీ. అదే బండి, అదే దోసె. ఇన్నేళ్లుగా తింటున్నా, సిగ్గేసింది.

షికాగోలోని లొయోలా యూనివర్సిటీ సైకాలజిస్టు ఫ్రెడ్ బ్రయంట్ దీని మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. మంచి జరగడం వేరు, దాన్ని ఆస్వాదించడం వేరు, రెండోది నేర్చుకోవచ్చంటారు. పక్కవాళ్లతో పంచుకోవడం అందులో ఒక దారి. 'ఇంకా బాగుండాల్సింది' అని సణిగితే మాత్రం ఉన్న ఆనందమూ తగ్గుతుందట. మన గ్రూపులో సణుగుడు మాస్టర్లెవరో చెప్పను, నేనూ ఉన్నా.

అందుకని రోజూ పడుకునే ముందు, ఆ రోజు బాగనిపించిన సంగతి ఒక్క ముక్క ఇక్కడ పెట్టండి. ఫార్వర్డ్ గుడ్‌నైట్ బొమ్మలు వద్దు బాబూ. ఇవాళ్టికి నాది: పెన్నా గాలికి గోపురం మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి.

రేపు దోసె డబ్బులు ఎవరి వంతో చూసుకోండి.