మేడం, మీకు దండాలు ఎట్ల చెప్పాలో తెలీక ఇక్కడ రాస్తున్నా

అందరికీ నమస్కారం. నిన్న డాక్టరు మా తమ్ముని మాత్రల డోసు తగ్గించినారు. ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఇది రాస్తేగానీ పట్టేట్టు లేదు. వాణ్ని అడిగే రాస్తున్నా. "రాయక్కా, నా పేరూ మేడం పేరూ వద్దు" అన్నాడు.

తెలియని వాళ్లకు రెండు ముక్కల్లో చెప్తా. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న పిల్లోడు ఉన్నట్టుండి అనంతపురం వచ్చేసి గది తలుపేసుకున్నాడు. ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నట్టు వినిపిస్తాందనేవాడు. కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుకున్నాం, తాయెత్తు కట్టించినాం, ఆసుపత్రిలో చూపించినాం. అక్కడ జబ్బు పేరు చెప్పి మాత్రలు రాసిచ్చినారు. వాడు అరిస్తే ఇంట్లో వాళ్లం ఏం మాట్లాడాలో ఎవరూ చెప్పలా.

అప్పుడు దొరికినారు మేడం. ఫ్యామిలీ థెరపిస్టు, అంటే ఇంటివాళ్లందర్నీ కూర్చోబెట్టి మాట్లాడి దారి చూపేవాళ్లు. మన సీమ మనిషే. బెంగళూరులో నిమ్‌హాన్స్ అనే పెద్ద మానసిక ఆసుపత్రిలో సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో ఎంఫిల్ చేసినారు. రెండేళ్ల చదువు. అందులో పుస్తకాలకంటే వార్డుల్లో రోగుల ఇంటివాళ్లతో కూర్చున్నదే ఎక్కువ అన్నారు. రాత్రంతా బస్సులో కూర్చుని అక్కడికి వచ్చే మనూరి వాళ్ల మొహాలు చూసి, ఇక్కడికే వచ్చేసినారంట. మందులు తాను రాయనని, అది సైకియాట్రిస్టు పని అని మొదటే చెప్పినారు. మొక్కుల గురించి అమ్మ భయపడతా చెప్తే, "తీర్చుకోండమ్మా, మాత్రలు మాత్రం ఆపొద్దు" అన్నారు. అంతే, ఇంకొక మాట లేదు.

మొదటిరోజు పెద్ద తెల్లకాగితం పరిచి మా వంశం గీసినారు. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, పోయినవాళ్లకు ఇంటూ గుర్తు. నాయన పక్కన ఒక సున్నా గీసి ఆగినారు. నాయనకు ఒక చెల్లెలు ఉండేదని, ఆమెను వెనకింట్లో పెట్టి తాళమేసినారని విన్నామే గానీ, మా ఇంట్లో ఆమె మాట ఎత్తేవాళ్లే లేరు. "ఆమె పేరేంది పెద్దాయనా?" అని మేడం అడిగినారు. నాయన చానా సేపటికి చెప్పినాడు. ఆ పేరు సున్నా లోపల రాసి, "ఆమెకు ఏం చేయడం బాగా వచ్చేది?" అన్నారు. జబ్బు సంగతి కాదు, ఆమె సంగతి అడిగినారు. జొన్నరొట్టె కాలిస్తే పక్కిళ్ల వాళ్లు వచ్చి కూర్చునేవాళ్లని చెప్తా చెప్తా నాయన గొంతు పూడుకుపోయింది.

"జబ్బు పిల్లోనికైతే మమ్మల్నందర్నీ యాల కూర్చోబెట్టినావమ్మా?" అన్నాడు నాయన ఇంకోసారి. అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ 1950లలోనే రోగుల ఇంటివాళ్లకు ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, వాళ్లను వైద్యంలో కలుపుకున్న సంగతి మేడం చెప్పినారు. లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే ఆయన చేసిన పరిశోధన కూడా చెప్పినారు. ఇంట్లో సూటిపోటి మాటలు, అతి పట్టింపు ఎక్కువైన చోట జబ్బు తిరగబెట్టడం ఎక్కువని అందులో తేలిందంట. "దానర్థం జబ్బు మీ వల్ల వచ్చిందని కాదు. తగ్గించేదాంట్లో మీ చేయి ఉండాదని" అన్నారు. అమ్మ ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

తమ్ముడు గది దాటి రానంటే ఆమే మా ఇంటికొచ్చినారు. తలుపు కొట్టలా, పిలవలా. వాని గది ముందర నేలమీద అమ్మ పక్కన కూర్చుని విత్తనం శెనక్కాయలు ఒలిచినారు. వానల గురించి, ధరల గురించి మాట్లాడతా, పప్పు చేటలో వేస్తా, చానాసేపు. చివరికి వాడే తలుపు తీసి, "ఆమె ఎవరమ్మా?" అన్నాడు. మేడం కొంచెం పక్కకు జరిగి చోటిచ్చినారు. వాడు కూర్చున్నాడు. గొంతులు వినిపిస్తాయని చెప్పినప్పుడు, "నీకు వినిపిస్తాంది, భయమేస్తాంది, అది నేను నమ్ముతా. నాకు మాత్రం వినపడలేదు నాయనా" అన్నారు. వాదించలా, తలూపలా. ఇప్పుడు మేమందరం అట్లే మాట్లాడతాం.

ఒక బాధ మాత్రం చెప్పాల. మన పక్కనున్న బళ్లారిలో చేసి చూపించిన పద్ధతి మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. ఆ లెక్కన సైకియాట్రిస్టుతోపాటు సైకాలజిస్టు, సోషల్ వర్కరు ఉండాల. మేం పోయినచోట డాక్టరొక్కరే, బయట లైను గేటు దాకా. ఆయన్ను అని ఏం లాభం? ఇంక బీమావాళ్లు. మానసిక జబ్బుకూ మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇయ్యాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ చెప్తాంటే, మా క్లెయిము తిప్పి పంపినారు. ఈ మేడం లాంటివాళ్లు జిల్లా ఆసుపత్రిలో జీతానికి ఉంటే ఎన్ని ఇళ్లు నిలబడతాయి!

వానికోసం అమ్మ, నాయన, బావ చానా చేసినారు. ఇంటివాళ్లు కదా, చేస్తారు. బయటివాళ్లకు మాత్రం దండాలు చెప్పుకోవాల.

మరిచిపోయినా, ఒక అర్ధరాత్రి వాడు ఇల్లు విడిచి పోతానంటే 14416కు, అంటే మనసు బాగలేనప్పుడు మాట్లాడే టెలిమానస్ అనే సర్కారు ఫోన్ లైనుకు, ఫోన్ చేసినాం. తెలుగులో మాట్లాడి, మేం కుదురుకునేదాకా లైన్లోనే ఉన్న ఆ చెల్లెలికి దండాలు. టవర్‌క్లాక్ దగ్గర మాత్రలు అప్పు ఇచ్చిన మెడికల్ షాపు అన్నకు కూడా. ఎదురింటి అక్క మా పాపను ఎన్ని పూటలు చూసుకుందో! ఇంకా, వాడు ఆటోలోంచి దిగనని మొండికేస్తే మీటరు గురించి ఒక్క మాట అనకుండా ఊరంతా తిప్పిన ఆటో అన్నా, నీ నంబరు పోగొట్టుకున్నా. ఇది చదివితే ఇంటికి రా, డబ్బులు ఇచ్చేది ఉంది.