హాస్టల్‌లో చేరే పిల్లల తల్లిదండ్రులకు

నమస్కారమండీ. పరుపు ముందే కొనకండి. మంచం ఒక్కోచోట 6 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పే ఉంటుంది. 3 అడుగుల పరుపు పక్కలకి వేలాడుతుంది. వార్డెన్‌ని కొలత అడిగాకే కొనండి. దోమతెరైతే మేకులు అక్కర్లేని మడత రకం తీసుకోండి, గోడకి మేకు కొట్టనివ్వరు.

బీరువాకి 40 మి.మీ. తాళం తీసుకోండి. మరీ లావు కొక్కెం గడియలో దూరదు. ఒక తాళంచెవి రూమ్‌మేట్ దగ్గర కాదు, మీ దగ్గరే ఉంచుకోండి.

ఇస్త్రీపెట్టె, కెటిల్, ఇండక్షన్ స్టవ్ చాలా హాస్టళ్లలో నిషేధం. దొరికితే తీసేసుకుంటారు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒప్పుకుంటారో లేదో కూడా అడగండి. బట్టల మీద లోపలివైపు చెరగని మార్కర్‌తో పేరు రాయండి, లేకపోతే లాండ్రీలో తారుమారవుతాయి.

ఆవకాయ పెద్ద సీసాలో పంపొద్దు. నూనె కారుతుంది, తడి చెంచా పడితే మొత్తం బూజు పడుతుంది. పావుకిలో సీసాలు రెండు చాలు. నిజానికి కందిపొడే మేలు.

టీసీ, మెమోలు, కులం, ఆదాయ సర్టిఫికెట్లు కాలేజీకి ఇచ్చేముందు స్కాన్ చేసుకోండి, ఇచ్చిన ఒరిజినల్స్‌కి రసీదు అడగండి. స్కాలర్‌షిప్ కోసం పిల్లల బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు చూసుకోండి. ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 వాళ్ల ఫోన్లో సేవ్ చేయించండి, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది.