పల్ప్ ఫ్యాక్టరీల్లో చిన్న బ్యాచ్‌కూ చోటు ఇప్పించండి

చిత్తూరు జిల్లా పరిశ్రమల కేంద్రం జనరల్ మేనేజర్ గారికి,

సొంత ఫ్యాక్టరీ లేకుండా, వేరేవాళ్ల యూనిట్లలో మామిడి పానీయం చేయించుకుని సొంత పేరుతో అమ్ముకునే చిన్న బ్రాండ్ల తరఫున ఈ లేఖ. రాయితీ కోసం కాదు.

జూన్, జూలైల్లో తోతాపురి లారీలు గేటు ముందు బారులు తీరినప్పుడు ఏ యజమానీ మా మాట వినడు. వినాలని మేమూ అనం. సీజన్ అయ్యాక అవే బాయిలర్లు చల్లారి ఉంటాయి, మాకు కావాల్సింది ఆ నెలలే. అసెప్టిక్ గుజ్జు (క్రిములు లేకుండా చేసి సంచిలో సీలు వేసినది) డ్రమ్ము సాధారణంగా 215 కిలోలు. 20 శాతం గుజ్జుతో కలిపితే దాదాపు 1,000 లీటర్లు, అంటే 200 మి.లీ. సీసాలు 5,000. డ్రమ్ములోని ఆ సంచి కోశాక సగం దాచుకుందామంటే పులిసిపోతుంది కాబట్టి మా కనీస బ్యాచ్ ఇదే. గంటకు టన్నుల్లో నడిచే లైన్‌లో ఇంత కొంచెం పోస్తే పైపుల్లో నిలిచిపోయేదీ కడుగుడులో పోయేదీ కలిసి మా లాభాన్ని మింగేస్తాయి.

రెండు మూడు యూనిట్లను ఒప్పించి ఆవిరితో వేడెక్కే 500 లీటర్ల స్టీమ్ జాకెట్ కెటిళ్లు రెండు, గుజ్జును నీటిలో సన్నగా కలిపేసే చిన్న హోమోజినైజర్, సీసాలు నింపే నాలుగు నాజిళ్ల ఫిల్లర్ పెట్టించండి. ఆవిరి, శుద్ధజలం, ల్యాబ్ అక్కడ ఎలాగూ ఉన్నాయి. హోమోజినైజర్ లేకుంటే వారానికే గుజ్జు అడుగుకు దిగి పైన నీళ్లు తేలతాయి. వేడి కెటిల్‌లో చూస్తే చాలదు, సీసాలో పడేటప్పుడు 85 డిగ్రీలకు తగ్గకూడదు. మూత బిగించగానే సీసాను రెండు మూడు నిమిషాలు పడుకోబెట్టకపోతే బూజు మూత లోపలే మొదలవుతుంది. మామూలు పెట్ (ప్లాస్టిక్) సీసా ఆ వేడికి సొట్టపోతుంది. వేడిని తట్టుకునేలా చేసిన హీట్ సెట్ పెట్ గానీ గాజు గానీ వాడాలి.

అసలు చిక్కు కాగితాల దగ్గర. గుజ్జుకు మాత్రమే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్సున్న యూనిట్ పానీయం చేయకూడదు. పానీయం రకాన్ని కూడా దాని లైసెన్సులో చేర్పించుకోవాలి. బ్రాండు లైసెన్సుంటే చాలనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు! 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం బ్రాండు యజమాని లైసెన్సు నంబరుతో పాటు, తయారీదారు వేరైతే తయారీదారు నంబరు కూడా లేబుల్ మీద ఉండాలి. యూనిట్ మారిందంటే అచ్చేసిన లేబుల్ రోల్స్ అన్నీ చెత్తే. అందుకే తయారీదారు వివరాల చోటు ఖాళీగా వదిలి, నింపేటప్పుడు ఇంక్‌జెట్‌తో కొట్టే యంత్రం కూడా ఆ లైన్‌కు కావాలి.

ఏ యూనిట్ జాబ్ వర్క్ (వేరేవాళ్ల కోసం తయారీ) చేస్తుంది, కనీసం ఎన్ని లీటర్లు, లైసెన్సులో ఏ రకాలున్నాయి, బ్యాచ్‌కు ఎన్ని సీసాలు నమూనాగా దాస్తుంది అన్న జాబితాను మీ కార్యాలయ నోటీసు బోర్డు మీద పెట్టించండి. ఆగస్టులోపు వస్తే ఈ సీజన్ గుజ్జుకే పనికొస్తుంది.

ఇట్లు,
చిత్తూరు, తిరుపతి జిల్లాల చిన్న ఆహార బ్రాండ్ల నిర్వాహకులు