కోర్ పైకొచ్చేలోపు చదువుకో

నల్గొండ

శ్రీనూ,

మంచిగున్నవా? సముద్రం అడుగు తవ్వి కోర్‌లు, అంటే గొట్టంల నిలువుగ వచ్చే బురద, తీసే ఓడ మీద గ్యాస్ శాంపిళ్ల పని నీకే అప్పజెప్పిన్రంట. "ఏముందిరా, బురద తీసి సీసాల పెట్టుడే గదా" అన్నవు ఫోన్‌ల. గంతే అయితే ఇంత పొడుగు ఉత్తరం ఎందుకు రాస్త చెప్పు.

మీ బాపు పెరట్ల ఉన్న గోబర్ గ్యాస్ తొట్టిల గ్యాస్ పుట్టించే జీవుల బాపతువే సముద్రం అడుగు బురదల కూడా ఉంటయ్. వాటి పేరు మెథనోజెన్లు. బ్యాక్టీరియా కాదు, ఆర్కియా, అసొంటి ఒక్క కణం జీవులే గానీ వేరే జాతి. గాలి తగిలితే వాటి పని బంద్. లోతు బురదల ఎక్కువ మటుకు హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కలిపి మీథేన్ చేస్తయ్. తొట్టిల లేని అడ్డు ఒకటి అక్కడ ఉన్నది: సల్ఫేటు. సముద్రపు నీళ్లల అది 28 మిల్లీమోలార్ దాకా ఉంటది (మోలార్ అంటే లీటరు నీళ్లల ఎంత కరిగిందో చెప్పే కొలత, మిల్లీ అంటే అందుల వెయ్యో వంతు, నానో ఇంకా చాలా చిన్నది). దాంతోని బతికే బ్యాక్టీరియా హైడ్రోజన్‌ను ఒకటి రెండు నానోమోలార్ దాకా గుంజేస్తయ్. మెథనోజెన్లకు దాదాపు 10 ఉంటే గానీ గిట్టుబాటు కాదు. అందుకే సల్ఫేటు అయిపోయేదాకా అవి మూల కూసోవాల్సిందే. మిథైలమీన్, మెథనాల్ అసొంటివి దొరికితే మాత్రం సల్ఫేటు ఉన్న కాడ కూడా కొద్దిగ చేస్తయ్, వాటి కోసం పోటీ లేదు మరి. సాగర్ ఎడమ కాలువ కింద వరి మళ్లల్ల జిప్సం వేస్తే మీథేన్ తగ్గేది కూడా ఈ లెక్కతోనే. జిప్సం అంటే కాల్షియం సల్ఫేటే గదా.

పైనుంచి సల్ఫేటు దిగుతది, కిందినుంచి మీథేన్ ఎక్కుతది. రెండూ కలిసేకాడ ఇంకో రకం ఆర్కియా, సల్ఫేటు బ్యాక్టీరియాతోని జతగట్టి, మీథేన్‌ను తినేస్తది. 2000లో ఆంట్యే బొయెటియస్ అనే జర్మనీ శాస్త్రవేత్త వాళ్లు ఈ జంటను సూక్ష్మదర్శినిల గుంపులు గుంపులుగ చూపించిన్రు. ఈ కలిసే లోతు కొన్ని చోట్ల రెండు మూడు మీటర్లే, కొన్ని చోట్ల పదుల మీటర్లు. నీకు మొదలు కావాల్సింది ఈ లోతే. మీథేన్ కొలత కంటే సల్ఫేటు కొలతను ఎక్కువ నమ్ము. సల్ఫేటు కోర్‌లకెల్లి ఎగిరిపోదు, మీథేన్ పోతది.

ఎట్ల పోతదంటే, వెయ్యి మీటర్ల నీళ్ల కింద దాదాపు 100 అట్మాస్ఫియర్ల ఒత్తిడి ఉంటది, అక్కడ నీళ్లల మీథేన్ పదుల మిల్లీమోలార్ కరిగి ఉండొచ్చు. డెక్ మీద ఒక్క అట్మాస్ఫియర్‌కు నిలిచేది ఒకటి, ఒకటిన్నరే. మిగిలింది కోర్‌ను పగులగొట్టుకుంట ఎల్లిపోతది. లైనర్‌ల, అంటే కోర్ ఉండే ప్లాస్టిక్ గొట్టంల, ఖాళీలు పడతయ్, ఒక్కోసారి బురద చివరలకెల్లి బయటికి తన్నుతది.

అందుకే తొందర పడాలె. కోర్ కోసిన వెంటనే, ముక్క చివర కాడ, మూతి కోసిన సిరంజి గుచ్చి 5 మిల్లీలీటర్ల బురద తియ్యి. అంచు బురద వద్దు, నడుమది తియ్యి. అంచుకు డ్రిల్లింగ్ నీళ్లు అంటుకొని ఉంటయ్. 20 మిల్లీలీటర్ల సీసాల ముందే 5 మిల్లీలీటర్ల ఒక మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ పోసి పెట్టుకో, బురద వెయ్యంగనే మూత బిగించి గట్టిగ ఊపు. క్షారం వెయ్యకుంటే సీసాల సూక్ష్మజీవులు బతికే ఉంటయ్. కొన్ని మీథేన్ చేస్తయ్, కొన్ని తింటయ్. సీసాలు తలకిందులుగ పెట్టు, రబ్బరు మూత లోపల నీళ్లల మునిగి ఉంటే గ్యాస్ జారిపోదు. మూత అంచుకు ఒక్క ఇసుక రవ్వ అంటుకున్నా కారుతది, తుడిచినంకనే బిగించు. బురద లేకుంట క్షారం ఒక్కటే ఉన్న సీసాలు కూడా కొన్ని పెట్టు, లేకుంటే గాలిల మీథేన్ ఎంత, బురదది ఎంత తెల్వదు.

లెక్క కూడా చూడు. సీసాల ఖాళీ జాగా 10 మిల్లీలీటర్లు. గ్యాస్‌ల ఏది ఎంతుందో కొలిచే యంత్రం, గ్యాస్ క్రొమాటోగ్రాఫ్, 1 శాతం మీథేన్ చూపిస్తే, 25 డిగ్రీల కాడ అది 4.1 మైక్రోమోల్స్. బురదల నీటి వంతు 60 శాతం అనుకుంటే 3 మిల్లీలీటర్ల నీళ్లు. అంటే దాదాపు 1.4 మిల్లీమోలార్. ఈ నీటి వంతును, అంటే పోరాసిటీని, కొలవకుంట ఈ లెక్క తేలదు, పక్క ముక్కను తడిగ తూచి, ఎండబెట్టి మళ్ల తూచు. సల్ఫేటు అయిపోయిన లోతు కింద వరుసగ 1.3, 1.5, 1.4 అసొంటివి వస్తున్నయంటే సంబరపడకు. అడుగున అంతే ఉందని కాదు, ఎగిరిపోంగ మిగిలింది అంతే అని. అసలు ఎంతుందో తెల్వాలంటే ఒత్తిడి పోకుంట తెచ్చే ప్రెషర్ కోర్ గావాలె.

జీవులు చేసిన గ్యాసా, లోతు వేడికి పుట్టిందా అని అడుగుతరు. మీథేన్‌ల బరువు కార్బన్ ప్రమాణం కంటే ఎంత తక్కువో చెప్పే ఐసోటోపు కొలత వెయ్యికి మైనస్ 60 కంటే కిందికి ఉండి, మీథేన్ ఈథేన్‌కు వెయ్యింతలు మించి ఉంటే జీవులదే అనొచ్చు. ఒక్కదాన్ని నమ్మకు, రెండూ చూడు. 2012లో జపాన్ షిమొకిటా కాడ చిక్యూ ఓడ సముద్రం అడుగుకెల్లి 2466 మీటర్ల లోతుకు తవ్వితే, అక్కడి బొగ్గు పొరల కాడ కూడా జీవుల మీథేన్ గుర్తులు దొరికినయ్.

కృష్ణా-గోదావరి బేసిన్ బురదల మన దిక్కు నేల కూడా ఉన్నది, ఎంతయినా బీచుపల్లి కాడికెల్లి పోయిన నీళ్లే గదా. 2006లో జోయిడెస్ రెజల్యూషన్ ఓడ ఆ బేసిన్‌లనే మీథేన్ హైడ్రేట్, అంటే మీథేన్‌ను లోపల పట్టుకున్న మంచు అసొంటి గడ్డ, తీసింది. ఒక ఘనమీటరు హైడ్రేట్ కరిగితే దాదాపు 164 ఘనమీటర్ల గ్యాస్. కోర్‌ల చల్లగ తగిలే ముక్క ఉంటే అదే హైడ్రేట్, కరిగేటప్పుడు వేడి గుంజుకుంటది. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతోని చూసి ఆ ముక్కను ముందుగాల తియ్యి. ఆ చుట్టూ నీళ్లల క్లోరైడ్ తగ్గితే అది కరిగిన హైడ్రేట్ మంచినీళ్లు కలిసినందుకే, యంత్రం తప్పనుకోకు.

సల్ఫేటు అయిపోయే లోతు కాడ కోర్ కుళ్లిన గుడ్డు వాసన కొడతది, హైడ్రోజన్ సల్ఫైడ్. వాసన తగ్గిందని మొఖం దగ్గరకు తేకు. ఎక్కువైతే ముక్కుకు ఆ వాసనే తెల్వదు. ఆ గ్యాస్‌ను కొలిచే మీటర్ జేబుకు తగిలించుకో, లైనర్ మూత తీసేటప్పుడు గాలి నీ వీపుకు తగిలేటట్టు నిలబడు, గాలి నీ నుంచి కోర్ దిక్కు పోవాలె, కోర్ నుంచి నీ దిక్కు వస్తే కష్టం.

వదినకు నమస్తే చెప్పు.

నీ
యాదగిరి