డయల్ పెట్టె గురించి మా సెంటర్‌కు వచ్చేవాళ్లకు

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మా నెట్ సెంటర్‌కు వచ్చేవాళ్లలో చాలామంది ఈ నెలలో ఆ పెట్టెను చూసే ఉంటారు. డిగ్రీ అడ్మిషన్ల దోస్త్ ఫారం సగం నింపేసరికి తెర మధ్యలోకి ఊడిపడుతుంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. మూస్తే మళ్లీ వస్తుంది. అది వైరస్ కాదు, ఎవరో చొరబడిందీ కాదు. తప్పు నాదే. కాకపోతే అది మొదలైంది మాత్రం కేబుల్ వాళ్ల దగ్గర.

తొమ్మిదేళ్లు ఒక్కరి దగ్గరే నెట్ తీసుకున్నాను. ప్రతి దసరాకు ఆయన జమ్మి ఆకు పట్టుకొని వచ్చి అలయ్ బలయ్ చేసుకునేవాడు. ఒక్క నెల కూడా బిల్లు ఆపలేదు నేను. మా వీధిలో మురుగు కాలువ కోసం తవ్వినప్పుడు తీగ తెగింది. తెగడం ఆయన తప్పని అనను. కానీ పదకొండు రోజులు! ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే మాట: "అన్నా, సాయంత్రానికి వస్తుంది." ఏ సాయంత్రమో చెప్పలేదు. ఆరో రోజున నేనే గొయ్యి దగ్గరికి వెళ్లి చూశాను. తెగిన కొసకు పాలిథిన్ సంచి చుట్టి, పైన ఇటుక పెట్టి ఉంది. మరమ్మతు అంటే అదే. దోస్త్ ఆప్షన్లు పెట్టుకోవడానికి వచ్చిన పిల్లలు మా గడప తొక్కి, పక్క సందులోని సెంటర్‌కు వెళ్లిపోతుంటే కుర్చీలో కూర్చుని చూశాను. పన్నెండో రోజున డాబా మీద వైర్‌లెస్ రిసీవర్ పెట్టించాను.

నెట్ బాగానే వచ్చింది. వెంటనే ఆ పెట్టె కూడా వచ్చింది.

పాత కేబుల్ నెట్‌కు కంప్యూటర్ నుంచే యూజర్ నేమ్ కొట్టి 'డయల్' చేయాలి. నిజానికి అందులో డయల్ చేసే నంబరేమీ లేదు. టెలిఫోన్ తీగకు మోడెం తగిలించుకున్న రోజుల నుంచి ఆ పేరు అలా మిగిలిపోయింది. ఒకటి చెడితే ఇంకొకటి ఉంటుందని నాలుగు కంప్యూటర్లలోనూ ఆ కనెక్షన్ పెట్టించాను. పైగా, నెట్‌వర్క్ కనిపించకపోతే దానంతట అదే డయల్ పెట్టె తెరిచేలా ఎంపిక చేసి ఉంది. కరెంటు పోయి రూటర్ మళ్లీ లేచే ఆ నిమిషం, రెండు నిమిషాలు కంప్యూటర్‌కు నెట్‌వర్క్ లేనట్టే. ఆ సమయంలో ఏ ప్రోగ్రాం నెట్ అడిగినా విండోస్ పాత అలవాటు కొద్దీ పెట్టె తెరుస్తుంది. 'కనెక్ట్' నొక్కితే 651 అనే ఎర్రర్ వస్తుంది, అవతల తీగే లేదు కాబట్టి.

మా మేనల్లుడు మొదటి రోజే చెప్పాడు, "మామా, ఆ పాత కనెక్షన్ తీసేద్దాం, రెండు నిమిషాల పని" అని. వద్దన్నాను. కేబుల్ మళ్లీ వస్తే పనికొస్తుందన్నాను. 2,000 రూపాయల డిపాజిట్ ఇంకా వాళ్ల దగ్గరే ఉందన్నాను. అసలు కారణం నాకు తెలుసు. కృష్ణా నీళ్లు నల్లాకు వచ్చాక కూడా మా నాన్న పెరట్లో చేదబావిని పూడ్చనివ్వలేదు. ఫ్లోరైడ్ నీళ్లని ఇంట్లో ఎవరూ తాగేవాళ్లు కాదు, అయినా బావి ఉండాల్సిందే. ఆ మొండితనం నాకూ వచ్చింది. మూడు వారాలు అలాగే నడిపించాను. పెట్టె వస్తే మూసేయండి అని మీకే చెప్పాను.

ఒక రిటైర్డ్ టీచరమ్మ బ్యాంకు స్టేట్‌మెంట్ కోసం వచ్చారు. పెట్టె అడిగింది కదా అని అందులో తన బ్యాంకు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టారు. పాస్‌వర్డ్ సేవ్ చేయమనే గడిలో టిక్ కూడా పెట్టారు. మరునాడు మావాడు చూసేసరికి మూడో కంప్యూటర్ పెట్టెలో ఆమె పేరు, దాని కింద వరుసగా నల్లచుక్కలు. వెంటనే ఫోన్ చేసి పిలిపించాను. నా ఎదురుగానే పాస్‌వర్డ్ మార్చుకున్నారు. ఖాతాలో డబ్బుకు ఏమీ కాలేదు. ఆమె కోప్పడలేదు కూడా. "నీ షాపులో అడిగింది కదా నాయనా, అందుకే రాశాను" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి షట్టర్ దించాక నాలుగింటిలోనూ నేనే తీసేశాను. కంట్రోల్ ప్యానెల్‌లో ఇంటర్నెట్ ఆప్షన్స్, అందులో కనెక్షన్స్ అనే పేజీ. ముందు 'నెవర్ డయల్' ఎంచుకుని, తర్వాత జాబితాలోని పాత పేరును 'రిమూవ్' చేశాను. ఆ పేరు పోగానే డయల్ ఎంపికలన్నీ మసకబారిపోయాయి, ఇక డయల్ చేయడానికి ఏమీ లేదని అర్థం. ఇంట్లో పాత డాంగిల్ మానేసి వైఫైకి మారినవాళ్లకూ ఇదే మందు. డాంగిల్‌తో వచ్చిన ప్రోగ్రాంను కూడా తీసేయండి, లేకపోతే కంప్యూటర్ తెరిచినప్పుడల్లా అదే ముందు లేస్తుంది.

రూటర్‌కు యూపీఎస్ పెట్టాను. రేట్లు పెంచలేదు. ఈ నెలలో మా దగ్గర ఆ పెట్టెలో మీ పాస్‌వర్డ్ ఏదైనా కొట్టి ఉంటే దయచేసి మార్చుకోండి, చేతకాకపోతే రండి, పైసా తీసుకోకుండా మార్పిస్తాను.

నిన్న కేబుల్ ఆయన ఫోన్ చేశాడు. తీగ అతికించారట, "అన్నా, ఒకసారి డయల్ చేసి చూడు" అన్నాడు. డయల్ చేయడానికి ఏమీ లేదు, డిపాజిట్ డబ్బు పట్టుకొని రా అన్నాను. సాయంత్రానికి వస్తానన్నాడు.