వైరాలజీ ఫెలోషిప్‌లు చేజారేది ఎక్కడంటే...

సంపాదకులకు నమస్కారం.

వానలు పడితే చాలు, ములుగు, భూపాలపల్లి పేజీల నిండా డెంగీ వార్తలే. ఆ వైరస్ మీద పరిశోధన చేద్దామనుకునే మన పీజీ విద్యార్థులకు డబ్బు దొరకదనేది అపోహ. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో, లైఫ్ సైన్సెస్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆ తర్వాత రూ.42,000. ఇంటద్దె భత్యం వేరు. యూనివర్సిటీ హాస్టల్‌లో గది తీసుకుంటే మాత్రం అది రాదు. ఎమ్మెస్సీలో యూనివర్సిటీ ఫస్ట్ ర్యాంకు వచ్చినవారికి ఇన్‌స్పైర్ ఫెలోషిప్ ఉంది. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ ఫెలోషిప్‌ల కోసం పెట్టే 'బెట్' పరీక్ష ఉంది కానీ, అందులో రెండో జాబితాలో పేరు చూసుకుని స్వీట్లు పంచొద్దు. ఆ శాఖ ప్రాజెక్టు ఏదైనా ల్యాబ్‌లో నడుస్తూ, అందులో ఖాళీ ఉంటేనే అది పనికొస్తుంది.

నెట్‌లో వైరాలజీ వాటా తక్కువ. వైరస్‌లే చదివి కూర్చుంటే గట్టెక్కరు. మాలిక్యులర్ బయాలజీ, ఇమ్యునాలజీ, ప్రయోగ పద్ధతులు (సిలబస్‌లో 3, 4, 13 యూనిట్లు) గట్టిగా పట్టాలి. పార్ట్-సిలో 75 ప్రశ్నలకు 25 రాస్తే చాలు. ఒక్కోదానికి 4 మార్కులు, తప్పయితే ఒకటి కోత. తెలియకపోయినా గుడ్డిగా జవాబులు గుర్తించేవాళ్లు మునిగేది అక్కడే.

చదివిన పిల్లలు కూడా బోల్తా పడేది సర్టిఫికెట్ దగ్గర. మీసేవలో తీసుకున్న బీసీ కుల ధ్రువీకరణ కేంద్ర పరీక్షలకు చెల్లదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ విడిగా కావాలి. పైగా రాష్ట్ర జాబితాలోని కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు. ముందు ఆ జాబితాలో తమ కులం పేరు, స్పెల్లింగుతో సహా చూసుకుని, నోటిఫికేషన్ రాకముందే దరఖాస్తు పెట్టుకోవాలి. చివరి వారంలో తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగితే పని కాదు.

ఫెలోషిప్ వచ్చాక మరో తిప్పలు. యూజీసీ జేఆర్‌ఎఫ్ సొమ్ము పడాలంటే విశ్వవిద్యాలయంలో 'మేకర్', 'చెకర్' అనే ఇద్దరు ఉద్యోగులు నెలనెలా పోర్టల్‌లో ధ్రువీకరించాలి. ఒకరు సెలవు పెట్టినా ఆ నెల డబ్బు ఆగుతుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు తెగినా అంతే. రెండేళ్లు నిండగానే కమిటీ కూర్చుని ఎస్‌ఆర్‌ఎఫ్‌కు (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సిఫారసు చేయాలి. అది ఆలస్యమైతే పాత మొత్తంతోనే నెట్టుకురావాలి.

ఇక ఖర్చుల సంగతి. సైన్స్ విద్యార్థికి యూజీసీ ఇచ్చే కంటింజెన్సీ (పరిశోధన ఖర్చుల సొమ్ము) మొదటి రెండేళ్లు ఏడాదికి రూ.12,000. కణాలు పెంచడానికి వాడే దూడ సీరం మంచి కంపెనీది అర లీటరు సీసా కూడా ఆ డబ్బుకు రాదు. అందుకే గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ముందు అడగాల్సింది టాపిక్ కాదు: ప్రాజెక్టు ఎప్పటిదాకా ఉంది, వైరస్ నమూనాలు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కు జనరేటర్ ఉందా, బయోసేఫ్టీ కమిటీ అనుమతి వచ్చిందా అని. నిఫా మీద పనిచేస్తానని దరఖాస్తులో రాసేవారూ ఉన్నారు. సజీవ నిఫా వైరస్‌కు బీఎస్‌ఎల్-4 (అత్యున్నత జీవభద్రత స్థాయి) ల్యాబ్ కావాలి, అది వరంగల్‌లో లేదు. డెంగీకి బీఎస్‌ఎల్-2 సరిపోతుంది.

మీ వరంగల్, కరీంనగర్ ఎడిషన్ల చదువు పేజీలో నెట్, బెట్, ఇన్‌స్పైర్ గడువులను, కావలసిన సర్టిఫికెట్ల పేర్లతో సహా, నెల ముందే వేయగలరని మనవి.

- మైక్రోబయాలజీ, వైరాలజీ అధ్యాపకులు, హనుమకొండ